తప్పు చెప్పినవాడికి మొదటి టీ

రామచంద్రపురం అవతల మా రైస్ మిల్లులో వీరబ్రహ్మం హెడ్ మేస్త్రీ. నేను ఆఫీసులో గుమాస్తాని. మిషన్ల సంగతి నాకిప్పటికీ తెలియదు గానీ, బ్రహ్మం మనుషుల్ని నడిపిన తీరు మాత్రం దగ్గర్నుంచి చూశాను.

పొద్దున టీ రాగానే "నిన్న ఎవరి చేతిలో ఏం తేడా జరిగిందర్రా?" అని అడిగేవాడు. ముందుగా నోరు విప్పినవాడికి మొదటి గ్లాసు. తిట్టేవాడు కాదు, పేరు ఆఫీసు దాకా రానిచ్చేవాడు కాదు. ఆ తేడా ఎందుకొచ్చిందో అందరూ కూర్చుని మాట్లాడుకునేవారు. ఒక్కోసారి "జల్లెడ నేనే సరిగా బిగించలేదర్రా" అంటూ ఆ గ్లాసు ఆయనే తాగేవాడు. కొత్తవాళ్ళు పని నేర్చుకున్నది అక్కడే.

కిందటేడు యుగంధర్ గారు మేనేజరుగా వచ్చారు. చెడ్డవాడని అనను. కానీ తప్పు జరిగితే ఆయనకు మనిషి పేరు కావాలి. ఒకరోజు మా మిల్లు కుర్రాడు బుల్లిరాజు బిగించడం మరిచిన బోల్టు ఊడి, బియ్యం తెల్లబరిచే పాలిషర్‌లో పడింది. లోపలి రాయి పగిలింది. బుల్లిరాజు తనంతట తనే బ్రహ్మానికి చెప్పేశాడు.

యుగంధర్ గారు బ్రహ్మాన్ని నా ఎదురుగానే పిలిపించారు. "ఎవరో చెప్పండి. పిలిచి ఓ మాట అని వదిలేస్తాను. చెప్పకపోతే షిఫ్టు మొత్తాన్నీ తీసేస్తాను."

బ్రహ్మం తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు. అందరి పొట్టా కొట్టడం కంటే ఒకడికి చీవాట్లు నయమనుకున్నట్టున్నాడు. పేరు చెప్పాడు. మర్నాడు బుల్లిరాజును గేటు దగ్గరే ఆపేసి, పనిలోంచి తీసేశామన్నారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

'నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి' అన్నారు మిల్లులో. మేనేజర్ని కాదు, బ్రహ్మాన్ని. ఆ మర్నాడు టీ దగ్గర ఆయన ఎప్పటిలాగే అడిగాడు. ఒక్కరూ పలకలేదు. కొన్నాళ్ళకు ఆయనా అడగడం మానేశాడు. ఎవర్ని కదిపినా "ఏం తేడా లేదండి" అనే.

మొన్న వానల్లో ధాన్యం పైకెత్తే ఎలివేటర్ బేరింగు విరిగింది. ఏంటా చప్పుడని దగ్గరికి వెళ్ళిన బ్రహ్మం కుడిచెయ్యి బెల్టులో పడి నలిగిపోయింది. రాజమండ్రి ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

తవుడు ఎత్తే సత్యవాణి, నేను చూడ్డానికి వెళ్ళాం. ఆమె గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టింది. బ్రహ్మం దగ్గరికి రమ్మన్నాడు.

"విరిగే ముందు కాలిన వాసన రావాలే అమ్మా. నువ్వక్కడే ఉంటావు కదా, రాలేదా?"

"ముందురోజు నించీ వచ్చిందండి."

"మరి చెప్పలేదేంటమ్మా?"

"దానికి గ్రీజు పెట్టేది మా ఆయన కదండీ. మీతో అంటే ఆయన పేరు పైన చెప్పేస్తారని భయమేసిందండి."

బ్రహ్మం కట్టు కట్టిన చేతికేసి చూసుకున్నాడు.

"చెప్పేసేవాణ్ణేమోనమ్మా" అన్నాడు.