వీపు మీద సుడి

మా అబ్బాయి వీడియో గేమ్ వీరుడి బొమ్మ తెప్పించుకున్నాడు. పెట్టె తెరవగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. వాడు బొమ్మ కీళ్లు వంచి, రంగు ఎక్కడైనా చెదిరిందేమోనని ఫోను వెలుతురులో చూస్తుంటే నాకు బాన్సువాడ పశువుల అంగడి గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. ఎడ్లు కొనడానికి వెళ్తూ బాపు నన్నూ తీసుకెళ్లాడు. దారిలో బొమ్మలాయన ఒక ఎర్రటి ప్లాస్టిక్ ఎద్దును నా చేతికిచ్చాడు. ఎద్దును ఎలా చూడాలో నాకు బాగా తెలుసు. బాపు చూసినట్టే మూతి పట్టుకుని పళ్లు వెతికాను. మూపురం నొక్కాను. వీపు నిమిరితే గుండ్రంగా ఏదో తగిలింది.

"గీ ఎద్దు వద్దు బాపూ. ఈపు మీద సుడి ఉంది. ఇంటికి మంచిది గాదు."

బొమ్మలాయన పగలబడి నవ్వాడు. "సుడి ఏంది బిడ్డా! గది అచ్చుల పడ్డ గుర్తు."

బాపు నవ్వలేదు. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "మా బిడ్డ వద్దన్నదంటే వద్దే. ఇంకోటి సూపియ్యి అన్నా" అన్నాడు.

చూపించిన ప్రతి ఎద్దుకూ అక్కడే సుడి. ఒట్టి చేతులతోనే, తలెత్తుకుని కదిలాను.

అది అచ్చు గుర్తని బాపుకు తెలియక కాదు. ఎడ్ల దగ్గర బేరం కుదిరాక, ఆయన నన్ను చంకలో ఎత్తుకుని, "జర ఈపు సూడు బిడ్డా" అన్నాడు. నేను నిమిరి తలూపాకే పగ్గం అందుకున్నాడు.