చీర మధ్యలో గీత

మొన్న పొద్దున మా సారు పోయారు. కోరుట్లలో నా దుకాణం షట్టరు ఎత్తుతుంటే జగిత్యాల నుంచి ఫోను వచ్చింది. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆయన గురించి మంచి మాటలే రాస్తానని మీరు అనుకుంటే ఇక్కడే చదవడం ఆపేయండి.

జగిత్యాలలో ఆయన దుకాణంలోనే పని నేర్చుకున్నాను. అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డును టీవీ వెనక బిగించి, షోరూముల్లో, ఆసుపత్రుల్లో వీడియోలు ఆడించే పని. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. నాకు పెళ్లయి బిడ్డ పుట్టాక కూడా "ఓ పిల్లా" అనే అనేవారు. వీడియో ఆగి ఆగి నడిస్తే నా వేలు బోర్డు మీద పెట్టించేవారు.

"కాలుతాందా? కుదించిన వీడియోను విప్పే పనంత ప్రాసెసర్ నెత్తిన పెట్టినవ్. అదే చిప్పుల ఉన్న గ్రాఫిక్స్ భాగం ఉత్తగ కూసున్నది. గా పని దానిది. దానికియ్యి."

నిజమే. పని అటు మళ్లిస్తే బోర్డు చల్లబడేది, వీడియో సాఫీగా నడిచేది. ఆ మాట వేలు కాల్చకుండా కూడా చెప్పొచ్చు.

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒకామె చీరల షోరూం తెరిచింది. గోడకు పెద్ద టీవీ, అందులో తన మగ్గాల మీద నేసిన చీరలు. చుట్టాలంతా చూస్తుండగా, కెమెరా పక్కకు జరిగినప్పుడల్లా బొమ్మ మధ్యలో గీత పడి అడ్డంగా తెగింది. పైసగం ఒకచోట, కిందిసగం ఇంకోచోట.

"ఇదేంది సారూ, నా చీర చినిగినట్టు కనవడ్తాంది! ఎవలు కొంటరు?" అందామె.

సారు నన్ను చూపించారు. "గీ పిల్ల చేసింది. దీనికి పని రాదు."

నేను టీవీ గోడకు బిగించానంతే. మిగతాదంతా ఆయన చేసిందే.

"సారూ, అది మీరు పెట్టిందే గద?" అన్నాను.

"నోరు ముయ్యి. చూసి నేర్చుకో."

కీబోర్డు ముందు కూర్చుని, అందరికీ వినపడేలా నాకు చెప్పారు. "గ్రాఫిక్స్ ప్రాసెసర్ మెమరీల బొమ్మ పెడ్తది. టీవీకి అది పైనుంచి కిందికి వరసగ పోతది. సగం పోయినంక బొమ్మ మారిస్తె పైన పాతది, కింద కొత్తది. గందుకే తెగుతాంది. రెండు బొమ్మలు పెట్టుకో. ఒకటి తెర మీద ఉంటె, ఇంకోటి వెనక తయారు గావాలె. మొదటిది మొత్తం పోయినంకనే మార్చాలె."

గీత పోయింది. చీర కొంగు దాకా నిండుగా జారింది. ఆమె సారుకు శాలువా కప్పింది. చుట్టాలు నన్ను చూసి ముఖాలు తిప్పుకున్నారు. అంత తేటగా నాకు పాఠం చెప్పినవాళ్లు లేరు. అంత పచ్చి అబద్ధం నా ముఖం మీదే ఆడినవాళ్లూ లేరు.

మర్నాటి నుంచి పనికి పోలేదు. కోరుట్లలో సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. "గా పిల్ల దగ్గరికి పోకుండ్రి" అని ఆయన ఊరంతా చెప్పారు. ఆయన గిరాకీని నేను గుంజుకున్నాను, ఆయన నేర్పిన పనితోనే. అందుకు నాకు బాధ లేదు.

మొన్న సారు ఇంటికి ఎందుకు వెళ్లానో తెలియదు. పాత గిరాకీ ఒకాయన పక్కకు వచ్చి, "సారుకు నువ్వంటె మస్తు పావురం, బిడ్డా. లోపల్లోపల మురిసెటోడు" అన్నాడు. ఆ ప్రేమ మాటకు ఒళ్లు మండింది.

గోడ పక్కన చాప మీద కూర్చున్న సారు భార్య తలెత్తింది.

"గట్లేం లేదు. గీ పిల్ల పేరెత్తితె అన్నం ముందటి నుంచి లేస్తుండె."

ఆ ఇంట్లో నాకు ఊపిరాడనిచ్చిన మాట అదొక్కటే. ఆమె నన్ను ఓదార్చలేదు. నేనూ ఆమెను ఓదార్చలేదు. కాసేపటికి ఆమె కాళ్లు ముడుచుకుని అవతలికి జరిగింది. ఖాళీ అయిన చోట చాప మీది దుమ్మును అరచేత్తో దులిపింది.