నేను ఎత్తుకోని పద్యం

నాకు జరిగిన అన్యాయం ముందు చెబుతాను. అది నిజంగా జరిగింది. ఆ తర్వాత నేను చేసిన పనికి అది సాకు కాదని ఇప్పుడు తెలుసు. కానీ అసలు జరగనే లేదని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోను.

మాది కొవ్వూరు. రాజమండ్రిలో మూడేళ్ళు థియేటర్ ఆర్ట్స్ డిగ్రీ చదివాను. పొద్దున్నే బస్సులో బ్రిడ్జి దాటి వెళ్ళడం, సాయంత్రం అదే బ్రిడ్జి మీద తిరిగి రావడం. ఇంటర్లో మంచి మార్కులే వచ్చాయి. భీమవరంలో ఇంజనీరింగ్ సీటు వస్తే వద్దన్నాను. ఆ సంగతి తెలిసి మా పెదనాన్న పనిగట్టుకుని ఇంటికొచ్చాడు.

"నాటకాల డిగ్రీ ఏంట్రా? అది చదివి ఏమవుద్ది, సీరియల్లో అత్తగారవుద్దా?" అని నా ముందే నాన్నగారిని అడిగాడు. అడుగుతున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది నేను పెట్టిన కాఫీ. ఆయనకి మళ్ళీ ఇంతవరకూ నేను కాఫీ పెట్టలేదు.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఎక్కువ మాట్లాడరు. "చదువుకోనీ అన్నయ్యా" అని ఊరుకున్నారు. పెదనాన్న వెళ్ళాక నాతో అన్నారు, "ఆఖరి ఏడాది మీరంతా నాటకం ఆడతారంట కదమ్మా. ముందు వరసలో కూర్చుని చూస్తాను. మనం చేసింది తప్పో ఒప్పో ఆ రోజు తెలుస్తుంది." మూడేళ్ళూ నేను చదివింది ఆ ఒక్క రోజు కోసమే.

మా డిపార్ట్‌మెంట్‌లో మూడో ఏడాది వాళ్ళు ఒక పూర్తి నాటకం ఆడాలి. మా ఏడాదికి, మాకు నటన నేర్పే సార్ తను రాసిన పద్యనాటకమే ఎంచుకున్నారు. యుద్ధానికి వెళ్ళిన రాజు, కోటలో మిగిలిపోయిన రాణి. రాణికి పదకొండు పద్యాలు. ఆ వేషం నాకిచ్చారు. రెండు నెలలు ఆ పద్యాలతోనే లేచాను, వాటితోనే పడుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని సన్నగా పాడుకుంటుంటే కండక్టరు, "ఏమ్మా, నీ పాటకి మేం టికెట్ తీసుకోవాలా?" అనేవాడు. ఆయన మీద మాత్రం నాకు కోపం లేదు.

నాటకానికి ఇంకా పదిహేను రోజులున్నాయనగా, రిహార్సల్లో ఏడో పద్యం మధ్యలో సార్ చెయ్యెత్తి ఆపేశారు.

"అమ్మాయ్, నీ మొహం బావుంది, నడక బావుంది. పద్యమే లేవట్లేదు. నీ గొంతు నాలుగో వరస దాటదు. నువ్వు ఆడుతోంది నాటకమా, ఫోన్లో కబుర్లా?"

అందరూ నవ్వారు. మా క్లాసు పద్నాలుగు మందిలో ఎవరెవరు నవ్వారో, ఎవరు తల దించుకున్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మర్నాడు వెళ్ళేసరికి నా వేషం లేదు. పెద్ద పెద్ద వాళ్ళు చూడ్డానికి వస్తున్నారని, రాణిగా బయటి ఆర్టిస్టుని పిలిపిస్తున్నామని సార్ చెప్పారు. నన్ను చెలికత్తెని చేశారు. రెండు మాటలు, మిగతా అంతా రాణి పక్కన నిలబడ్డం. దానితోపాటు గ్రీన్ రూమ్‌లో చీరలు, నగలు చూసుకునే పని.

మా వైపు పద్యనాటకాలు ఆడే సమాజాలు ఆడవేషాలకి బయటి ఆర్టిస్టుని తెచ్చుకోవడం మామూలే. ఒకావిడే ఈ రోజు ఒక ఊళ్ళో ఒక సమాజానికి, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో సమాజానికి కథానాయిక. కానీ చదువుకునే చోట, మార్కులిచ్చే నాటకానికి అదేం పద్ధతి? యూనివర్సిటీ పెద్దలకి మూడు పేజీల ఉత్తరం రాశాను. పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నట్టున్నారు. ఆ రోజు నుంచీ సార్ నన్ను పేరుపెట్టి పిలవలేదు. "పిటిషన్ గారూ, ఆ కిరీటం ఇలా అందుకోండి" అనేవారు. మళ్ళీ అందరూ నవ్వేవారు.

ఆర్టిస్టు ఐదు రోజుల రిహార్సల్‌కి వచ్చారు. నలభై ఐదేళ్ళుంటాయి. కోనసీమలో ఏదో ఊరు. సార్ నడిపే నాటక సమాజంలో ఇదే నాటకం ముందెప్పుడో ఆడారట, అందుకని పద్యాలన్నీ వచ్చు. అందరూ అక్కా అక్కా అని చుట్టూ చేరారు. నేను మేడమ్ అన్నాను.

"మేడమ్ ఏంటి పాపా, బ్యాంకులో కౌంటర్ దగ్గర నిలబడ్డట్టుంది" అని నవ్వారావిడ. నేను నవ్వలేదు.

రెండో రోజు స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చి నా ముందు పెట్టారు. తినేసి వచ్చానన్నాను. ఆకలి కరకరలాడుతోంది. మూడో రోజు, నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అడిగారు, "ఏడో పద్యం నువ్వు పాడావంట కదా. ఒక్కసారి అను, వింటాను."

"మర్చిపోయానండి."

"మర్చిపోవు. నువ్వు నా వెనకాల నిలబడి పెదాలు కదుపుతున్నావు, అద్దంలో చూశాను. గొంతు మెడ దగ్గర బిగబట్టేస్తున్నావమ్మా, అందుకే పైకి రావట్లేదు. గాలి పొట్టలోంచి తియ్యాలి. సాయంత్రం ఓ అరగంట కూర్చో, చెబుతాను."

బస్సు తప్పిపోతుందన్నాను. పావుగంటకో బస్సు ఉంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "సరే పాపా" అన్నారు. మూడేళ్ళలో నా గొంతులో లోపం ఎక్కడుందో నాకు చెప్పింది ఆవిడొక్కరే. మిగతావాళ్ళంతా లోపం ఉందని మాత్రమే చెప్పారు. ఆ తేడా అప్పుడు నాకు కనపడలేదు. నా కుర్చీలో కూర్చున్న మనిషి నాకు కూర్చోవడం నేర్పుతానంటోందని మండిపోయాను.

నాటకం ఆదివారం సాయంత్రం ఆరింటికి. ఆవిడ మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. అంతకుముందు రెండు రోజులు రావులపాలెం దగ్గర ఒక ఊళ్ళో, భీమవరం దగ్గర ఇంకో ఊళ్ళో వరసగా ఆడి వచ్చారు. గొంతు పూర్తిగా పోయింది. మిరియాల పాలు తాగారు, ఆవిరి పట్టారు. మాట బొంగురుగా వస్తోంది, రాగం తీస్తే ఉత్త గాలే వస్తోంది.

నాలుగున్నరకి సార్ గ్రీన్ రూమ్‌లోకి వచ్చారు. ఆవిడ ఆయనతో, "ఈ పాపకి మొత్తం వచ్చు. వేషం ఈ పాపకి కట్టండి. నేను చెలికత్తెగా పక్కన నిలబడతాను" అన్నారు. నేను ఆవిడ చీర కుచ్చిళ్ళు పెడుతున్నాను. చేతులు ఆగిపోయాయి.

సార్ నా వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు చెయ్యాలమ్మా." అంతవరకూ నన్ను అమ్మా అని పిలవలేదు.

అవునని ఉంటే అయిపోయేది. నేనన్నాను, "నేను స్టెప్నీ టైరుని కాదు సార్. పంక్చర్ అయితే బిగించుకోడానికి."

"ఇప్పుడా ఆ మాటలు?"

"మీరు నన్ను అందరి ముందూ అన్నారు. అందరినీ పిలవండి. అన్నది తప్పని చెప్పండి. అప్పుడు కడతాను."

ఆయన మొహం ఎర్రబడింది. గుమ్మం వైపు తిరిగారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "ఆయన చెప్పడు పాపా. మగాళ్ళు హార్మోనియం మెట్టు అయినా తగ్గిస్తారు గానీ మాటలో తగ్గరు. నువ్వు ఆయన కోసం చెయ్యకు. మీ నాన్నగారు వస్తున్నారంట కదా" అన్నారు. చెయ్యి విడిపించుకున్నాను. సార్ వెళ్ళిపోయారు. ఆవిడ అద్దం ముందు కూర్చున్నారు.

చెలికత్తెనే అని చెప్పినా నాన్నగారు వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. అతిథులకి ఆ కుర్చీ కావాలని ఆయన్ని లేపి మూడో వరసలోకి పంపారు. అది స్టేజి పక్కన తెర చాటు వింగ్ లోంచి చూశాను. అదీ గుర్తుపెట్టుకున్నాను.

మొదటి నాలుగు పద్యాలు ఆవిడ ఎలాగో నెట్టుకొచ్చారు. ఐదోదానికి గొంతు చీలింది. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. హార్మోనియం ఆయన శ్రుతి తగ్గించాడు, అయినా అందలేదు. ఆరోది మాటల్లోనే చెప్పేశారు. ఏడో పద్యం ముందు, చెలికత్తెగా పక్కన నిలబడ్డ నా వైపు తిరిగారు. నాటకంలో లేని మాట అన్నారు.

"చెలీ, నా గొంతు పూడుకుపోతోంది. నా మనసు నీకు తెలుసు. నువ్వు చెప్పు."

హార్మోనియం ఆయనకి అర్థమైంది. నా శ్రుతి పట్టాడు. రిహార్సల్స్‌లో రెండు నెలలు నాకు ఇచ్చిన శ్రుతి అది. పట్టి ఉంచాడు. హాలంతా నా వైపు చూస్తోంది. మూడో వరసలో నాన్నగారు కొంచెం ముందుకి వంగారు. వింగ్‌లో సార్ రెండు చేతులూ జోడించి నిలబడ్డారు.

మొదటి మాట నా నోట్లోనే ఉంది. ఆ చేతులు చూశాను. ఇప్పుడా, అనుకున్నాను. అందరినీ పిలిచి చెప్పమంటే చెప్పని మనిషి, ఎవరికీ కనపడని చోట దణ్ణం పెడుతున్నాడు అనుకున్నాను. నోరు తెరవలేదు.

ఆవిడ నా గడ్డం పట్టుకుని, "నీకూ ఏడుపొస్తోందా తల్లీ" అని, నన్ను దగ్గరికి తీసుకున్నారు. నా తల తన భుజం మీద ఆనించి, ఏడో పద్యం ఆ బొంగురు గొంతుతో ఒక్కో మాటా చెప్పారు. వెనక వరసల్లోంచి మళ్ళీ ఈల రాలేదు. నేను చెడగొట్టినదాన్ని ఆవిడ నాటకంలో భాగం చేసేశారు. జరిగింది హాల్లో ఎవరికీ తెలియలేదు.

ఆవిడ మిగతా నాలుగు పద్యాలూ అలాగే మాటల్లో చెప్పి ముగించాక, గ్రీన్ రూమ్‌లో తిడతారని ఎదురుచూశాను. తిడితే నాకు ఇంకో కారణం దొరికేది. ఆవిడ కొబ్బరినూనె అడిగి మొహం తుడుచుకున్నారు. "రేపు కూడా ప్రోగ్రాం ఉంది పాపా, ఈ గొంతుతో ఏం చేస్తానో" అని, బ్యాగు సర్దుకుని బస్టాండ్‌కి వెళ్ళిపోయారు. అక్కా అని పిలవాలనిపించింది. పిలవలేదు. మళ్ళీ ఆవిడ కనపడలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో నాన్నగారు అడిగారు, "ఆవిడ నీకేసి తిరిగి చెప్పమంది. నువ్వు చెబుతావనుకున్నాను."

"నాటకంలో అంతేనండి. చెలికత్తె చెప్పదు."

"అలాగా" అన్నారు. బస్సు బ్రిడ్జి ఎక్కాక, "బాగానే నిలబడ్డావమ్మా" అన్నారు. తప్పో ఒప్పో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

నాకు పాస్ మార్కులు వచ్చాయి. మళ్ళీ స్టేజి ఎక్కలేదు. ఇప్పుడు కొవ్వూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఎవరైనా అడిగితే సార్ అన్న మాటలు, పిటిషన్ అన్న పేరు, పోయిన వేషం, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాను. గ్రీన్ రూమ్ దాకా వచ్చి ఆపేస్తాను. సార్ అన్నది తప్పే, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కానీ ఆ వేషం నాకు రెండోసారి, మూడోసారి కూడా వచ్చింది. ఆ రెండుసార్లూ తీసేసుకున్నది ఆయన కాదు.

రిటైరయ్యాక నాన్నగారికి మాటలు పెరిగాయి. ఇంటికి ఎవరొచ్చినా నా సంగతి ఎత్తుతారు. "మా అమ్మాయికి అన్యాయం చేశారండీ. ఒక్క అవకాశం ఇచ్చి చూడాల్సింది. ఒక్కటంటే ఒక్కటి" అంటారు, వేలు చూపించి మరీ. వచ్చినవాళ్ళు అయ్యో అంటారు. ఆ పక్క కుర్చీలోనే కూర్చుని వింటుంటాను. ఆయన ఆ మాట అనడం ఆపి నా వైపు చూస్తారు, ఔనా కాదా అన్నట్టు. ఔనని తలూపుతాను.