గోలీల తూకం

ఇయ్యాల ల్యాబుల తూకమేద్దామని మందు సీసా మూత తీయంగనే చేదు వాసన కొట్టింది. నా చిన్నప్పుడు మందు గోలీల కంపెనీల పనిచేసి వచ్చిన అమ్మ చీరకు ఇదే వాసన.

తొమ్మిదో తరగతిల ఒక మోల్ నీళ్లు పద్దెనిమిది గ్రాములని సారు చెప్తే, నేను ఉప్పుకు, చక్కెరకు గూడ పద్దెనిమిదే రాసిన. అన్నీ తప్పులే.

"ఏ మోల్‌లనైనా కణాల లెక్క ఒక్కటేనట. మరి తూకం ఎందుకు మారుతది?" అని ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చిన.

అమ్మ నవ్వింది. "మేము గోలీలు ఒక్కొక్కటి లెక్కవెడ్తమా బిడ్డా? తూకమేసి డబ్బాల పోస్తం. జ్వరం గోలీలు వెయ్యి, షుగర్ గోలీలు వెయ్యి ఒక్క బరువుంటయా?"

లెక్క ఒక్కటే అయినా ఒక్కో కణం బరువు వేరని తెలిసి, మళ్ల చేసిన. ఉప్పుకు యాభై ఎనిమిదిన్నర గ్రాములు వచ్చింది.

"సరిపోయిందా? ఇగ మూత వెయ్యి" అన్నది అమ్మ, గోలీల డబ్బాకు అన్నట్టే, నా పుస్తకం మూస్తూ.

ఇయ్యాల గూడ తూకం సరిపోయినంక, ఆ మాటే అనుకుంట సీసాకు మూత వేసిన.