ఎడమవైపు తగ్గింది

మా తమ్ముడిని నమ్మించడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. పాలు తెల్లగా ఉన్నాయంటే నీళ్లెన్ని కలిపారని అడిగే రకం. వాడి పని చవక హెడ్‌ఫోన్లు బాగుచేయడం. వీధిలో అందరూ చెవుల డాక్టరంటారు. ఆ పేరు వెటకారానికే పెట్టారని వాడి అనుమానం. అందులో కొంత నిజం లేకపోలేదు. ముందుగా అలా పిలిచింది నేనే.

సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఒంటి గది మాది. ఒక కిటికీ, ఒక బల్ల, రెండు కుర్చీలు. విప్పడం, విని చూడడం వాడి వంతు. తీగలు అతకడం నా వంతు. పదకొండేళ్లుగా వాడి ఎడమపక్క కుర్చీ నాది. లోపలి తీగ వెంట్రుకంత సన్నం, దాని మీద రంగు పూత. ఆ పూతని కాల్చకుండా అతికితే టంకం పట్టదు, పట్టినట్టు నటిస్తుంది. రెండు రోజులు పాడి మూడో రోజు మూగబోతుంది. అలాంటి దొంగ అతుకు నా చేతిలోంచి ఒక్కటి కూడా వెళ్లలేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం నష్టం?

"ఊరికే పోయిందండీ" అన్న మాట వింటే చాలు, మావాడికి ఒళ్లు మంట. తీగని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

"ఊరికే ఏదీ పోదు. ఇవిగో, పళ్ల గాట్లు."

"మా పిల్లి కొరికిందండీ."

"మీ పిల్లికి కూడా ముందుపళ్ల మధ్య సందుందా? అచ్చం మీలాగే."

వచ్చినవాడు పళ్లు దాచుకుంటాడు. ఇంక పాఠం మొదలు. "ఊడదీసేటప్పుడు పిన్ను పట్టుకోవాలి, తీగ కాదు. పిల్లాణ్ణి లేపాలంటే చెయ్యి పట్టుకుంటారా, జుట్టు పట్టుకుంటారా? ఫోను చుట్టూ బిగించి చుట్టకండి. నాలుగు వేళ్లకి వదులుగా చుట్టి జేబులో వేసుకోండి." ఇన్ని మాటలు అనేసి, పిన్ను మెడ దగ్గర వంగి విరగకుండా పాత పెన్ను స్ప్రింగు ఒకటి తొడిగి మరీ ఇస్తాడు. తిట్టుకుంటూ మెట్లు దిగినవాళ్లే మళ్లీ తిట్టించుకోవడానికి వస్తారు.

అసలు గొడవ అరవై హెడ్‌ఫోన్లతో వచ్చింది. భాషలు నేర్పే బడివాళ్లవి. విద్యార్థులు అవి పెట్టుకుని విని జవాబులు రాయాలి, పరీక్ష దగ్గరపడుతోంది. అన్నిటికీ పిన్ను దగ్గరే తెగింది. కొత్త పిన్నులు వేశాను. తీగ లాగినా బరువు అతుకు మీద పడకుండా లోపల ముళ్లు వేశాను. కుడి ఎడమల అక్షరాలు చెరిగిపోయాయి కాబట్టి కుడివైపున గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టాను. మావాడు ఒకటి తలకి తగిలించుకుని విన్నాడు.

"ఎడమవైపు తగ్గిందక్కా."

విప్పి, ఎడమ డిప్పలో మోగే స్పీకరు బిళ్ల కొత్తది వేసి మళ్లీ అతికాను. మళ్లీ తగ్గిందన్నాడు. ఇంకొకటి తీశాడు, అదీ అంతే. నేను పెట్టుకుని వింటే రెండువైపులా గంట కొట్టినట్టు ఉంది. "అతికినదానివి, బాగానే ఉందంటావులే" అన్నాడు.

ముందు స్పీకరు బిళ్లలు తెచ్చే ఆసామి మీద పడ్డాడు. పాపం, ఆయన మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వస్తే, నాసిరకం అంటగడుతున్నావంటూ డబ్బా ఆయన ఒళ్లోకే తోశాడు. ఆయన వెళ్లాక ఆ అనుమానం ఎక్కడికి పోతుంది? పక్క కుర్చీలోకే వచ్చింది. నేను బల్ల సొరుగు తీస్తే ఓరకంట చూసేవాడు. సాయంత్రం సంచి సర్దుకుంటుంటే పని ఆపేసేవాడు. నేను ఏమన్నా అడిగితే పలికేవాడు కాదు. చూడు పొగరు, అనుకునేదాన్ని.

ఇది చాలదన్నట్టు గుసగుసల గోల ఒకటి. వాడి పెళ్లాం, అంటే మా మరదలు, మధ్యాహ్నం క్యారేజీ తెస్తుంది. గుమ్మం దగ్గర ఇద్దరం నాలుగు మాటలు చెప్పుకుంటాం.

"ఏంటా గుసగుసలు? నాకు వినబడకూడదా?" అన్నాడో రోజు.

"నేను గుసగుసలాడితే కింద సైకిళ్లాయన ఊ కొడతాడు కదరా" అన్నాను. మరదలు పకపకా నవ్వింది. వాడు నవ్వలేదు. ఇద్దరూ ఒకటయ్యారని గొణుక్కుంటూ అన్నం కలుపుకున్నాడు. మరదలి ముఖం మాడిపోయింది. "ఇంట్లోనూ ఇదే వరస వదినా. నేను మా పిల్లతో మాట్లాడుతుంటే తన మీద చాడీలు చెబుతున్నానంటారు" అని మెట్ల మీద నాతో చెప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ శనివారం వాడు అసలు మాట బయటపెట్టాడు. "మంచి బిళ్లలు తీసి ఎక్కడ అమ్ముతున్నావో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. సోమవారం నుంచి నువ్వు రావొద్దు."

నా చెవులు గింగిర్లెత్తాయి. పని పోతే ఇంకో పని. కానీ దొంగ అన్న పేరు మోసుకుంటూ ఆ కుర్చీలోంచి లేవాలా? అదీ తోడబుట్టినవాడి నోట? ఆదివారమంతా ఇంట్లో గిన్నెలన్నీ నా చేతిలో దెబ్బలు తిన్నాయి.

సోమవారం వాడికంటే ముందే వెళ్లి కూర్చున్నాను. సాక్ష్యానికి మరదల్ని తీసుకెళ్లాను.

"ఒరేయ్, వెళ్లు. నీకు నమ్మకమున్న కొట్టుకి నువ్వే వెళ్లి, నీ చేత్తో ఏరి, సీలు తియ్యని కొత్తది ఒకటి కొనుక్కురా. నేను దాన్ని ముట్టుకోను కూడా."

వెళ్లాడు, తెచ్చాడు. కవరు చింపాడు, తలకి పెట్టుకున్నాడు.

"ఎడమవైపు తగ్గింది" అన్నాడు. ఆ వెంటనే నావైపు తిరిగి, "ఆ కొట్టువాడు కూడా నీ మనిషేనా?" అన్నాడు.

నాకు తిక్కరేగింది. ముట్టుకోనన్న మాట గాలికి పోయింది. దాన్ని వాడి నెత్తి మీంచి లాగి, ఇటుది అటు తిప్పి మళ్లీ తగిలించాను.

"ఇప్పుడు చెప్పరా! ఏవైపు తగ్గింది?"

"ఎడమవైపే" అన్నాడు, విసురుగా. అని, ఆ ఎడమ డిప్పని తట్టబోయి తీసి చూశాడు. దాని మీద కుడి అని అచ్చువేసి ఉంది.

దొరికావురా దొంగా, అని నా నోటి చివరిదాకా వచ్చింది. వాడి ముఖం చూసి మింగేశాను. వాడు తిప్పి పెట్టుకున్నాడు. మళ్లీ తిప్పాడు. బడివాళ్ల పెట్టెలోంచి ఎర్ర చుక్కవి రెండు తీసి అవీ అలాగే చూశాడు. ఏది పెట్టినా, ఎటు తిప్పినా, తగ్గేది వాడి ఎడమవైపే. గెలిచాను కదా, నాకు సంతోషం కావాలి. కాలేదు. ఇన్ని రోజులుగా వాడి ఎడమపక్కన కూర్చుని నేను అడిగినవేవీ వాడికి అందనేలేదు. నేనేమో పొగరనుకున్నాను.

"ఏమండీ..." అంటూ మరదలు భుజం పట్టుకుంది. వాడు చెయ్యెత్తి ఆగమన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, పెదాలు చూస్తే తెలిసిపోతుంది. నేను కళ్లు మూసుకుంటాను. ఈ ఎడమ చెవి దగ్గర ఏదో ఒకటి అను. మామూలుగానే, అరవకు."

కుడి చెవిలో వేలు గట్టిగా దూర్చుకుని కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు చేదుమందు తాగేముందు కూడా ముఖం అలాగే పెట్టేవాడు. వాడి ఎడమ చెవి దగ్గరగా వంగాను. వీధంతా వినబడే గొంతు నాది, ఆ పూట మాత్రం మాట చాలా మెల్లగా వచ్చింది.

"రేపు కూడా వస్తానురా" అన్నాను.

వాడు కదల్లేదు. మళ్లీ అన్నాను. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకోసారి అన్నాను.

"అనక్కా, ఊరుకున్నావేం?" అన్నాడు వాడు, కళ్లు మూసుకునే.