తీగల బీడింగు

తొంభైల చివర్లో మా మామగారు మండపేటలో కొత్త ఇల్లు కట్టించారు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. గోడల పని అయ్యాక వడ్రంగి మేస్త్రీ గుమ్మాల చుట్టూ వేసే బీడింగు నమూనాలు తెచ్చి పాతింటి అరుగు మీద పరిచాడు. జానెడేసి టేకు ముక్కలు నాలుగు. ఒకటి నున్నటిది, ఒకటి గుండ్రంగా ఉన్నది, ఒకటి నిలువు గీతలున్నది, ఇంకోటి తీగలూ ఆకులూ చెక్కినది.

"ఉండబోయేది నువ్వేగా అమ్మాయ్. నీకేది నచ్చితే అదే వేయిద్దాం" అన్నారు మామగారు. ఆ ఇంట్లో నన్నొక మాట అడగడం అదే మొదలు.

కాకినాడ కాలేజీలో లెక్చరరుగా చేరమని వచ్చిన కవరు అప్పటికి వారంగా నా చీరల మడతల్లో ఉంది. "నాన్నగారికి నేను చెప్తాను, నువ్వు తొందరపడకు" అన్నారు మా ఆయన. ఇంకా చెప్పలేదు. ఆ ముక్కల్లో దేన్ని చూపించినా ఇక ఇక్కడే ఉంటానని ఒప్పుకున్నట్టే అనిపించింది.

"రేపు చెప్తానండి" అన్నాను. మర్నాడూ అదే మాట. నాలుగో రోజున మేస్త్రీ, "ఏమనుకోకండమ్మా, మావాళ్ళు పనిలేక కూర్చున్నారండి" అన్నాడు.

"చెక్కముక్కకి ఇంత ఆలోచనేంటమ్మా!" అంది అత్తగారు.

ఆ సాయంత్రం కాఫీ ఇస్తూ నేనే చెప్పేశాను. "మావయ్యగారూ, నాకు కాకినాడలో ఉద్యోగం వచ్చిందండి. సోమవారం చేరాలి."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. "గృహప్రవేశం కానీయమ్మా, చూద్దాం" అని, కొడుకు వైపు తిరిగి, "నీకు ముందే తెలుసేంట్రా?" అని అడిగారు.

మా ఆయన నా వైపు చూడలేదు. అరుగు మీది ముక్కొకటి తీసి వేలితో రాస్తూ, "లేదండి, ఇప్పుడే వింటున్నాను" అన్నారు. ఆయన చేతిలో ఉన్నది తీగల ముక్క.

పొద్దున మేస్త్రీకి ఆయనే దాన్ని ఇచ్చి, "మా ఆవిడకి ఇది నచ్చింది" అన్నారు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. కాదనలేదు. సోమవారం వచ్చింది, వెళ్ళింది.

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా ఆ ఆకుల్ని తడిమి చూసి, "కోడలు ఏరిందటండీ, ఎంత బాగుందో!" అన్నారు. నేను తాంబూలాలు ఇస్తూ నవ్వాను.

మొత్తం తొమ్మిది గుమ్మాలు. ఆకుల మధ్య దుమ్ము గుడ్డకి అందదు. వారానికోసారి స్టూలెక్కి పాత టూత్‌బ్రష్‌తో తోముతాను. ఆ సాయంత్రం ఎందుకలా అన్నారని మా ఆయన్ని ఇంతవరకూ అడగలేదు.