తాళం తిప్పితేనే కరెంటు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మూటయితే ఎక్కడో ఒకచోట దింపుకోవచ్చు. దీన్ని దింపుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు.

తాడిపత్రిలో బండ్లకు వైరింగు చేయడం నా పని. డ్రైవర్లు ఎక్కువగా అడిగేది, ఇంట్లో గోడకు ఉన్నట్టే బండిలో ప్లగ్గు. దానికి రైస్ కుక్కర్ పెట్టుకుంటారు, ఫ్యాను పెట్టుకుంటారు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను సీటు కింద బిగించి, అక్కడినుంచి వైరు లాగి ప్లగ్గు బోర్డు పెట్టాలి. బ్రహ్మవిద్యేమీ కాదు. కానీ దీనితో ఒక తలనొప్పి ఉంది. బండి ఆపినా ప్లగ్గులో కరెంటు ఉంటుంది. డ్రైవరు ఫ్యాను కట్టేయడం మరిచి దిగిపోతాడు. వచ్చి చూసుకునేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు తన మతిమరుపును తిట్టుకుంటాడా? నా షాపు ముందుకొచ్చి, పదిమంది వినేలా నన్ను తిడతాడు.

అందుకని ఒక ఉపాయం చేసుకున్నాను. మధ్యలో రిలే అని ఒక చిన్న నల్లడబ్బా పెడతాను. తాళం తిప్పి ఉంటేనే అది కరెంటును పోనిస్తుంది. తాళం కట్టేస్తే ప్లగ్గు కూడా ఆగిపోతుంది. అది పెట్టడం మొదలుపెట్టాక నన్ను తిట్టినవాడు లేడు. బజారులో నా పేరు నిలబడింది. ఆ పేరే నా కొంప ముంచింది. కాదు, నా కొంప కాదు. ఇంకొకరిది.

ఓబులేసు ఒక ఎండాకాలం పొద్దున పాత వ్యాను తోలుకుని వచ్చాడు. వెంట వాళ్ల నాయన. ఆయన ముప్పై ఏళ్లు నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తులను తినేసింది. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. ఇంట్లోనయితే గాలిలోంచి ఆక్సిజన్ తీసి అందించే మిషన్ ఉంది. అది కరెంటుతో తిరుగుతుంది. సిలిండరు దొరకడం రోజురోజుకూ కష్టమవుతోందని, అనంతపురం ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ మిషన్‌నే వ్యానులో పెట్టుకోవాలని ఓబులేసు ఆలోచన.

"అన్నా, ఒకటే మాట. బండి ఆపినా కరెంటు ఆగకూడదు. నాయన పానం దీని మీదనే ఉండాది," అన్నాడు.

"అది నాకు చెప్పల్లా ఏమప్పా? నువ్వు బండి ఆపినా ఇది ఆగదు, పో," అన్నాను.

ముసలాయన బెంచీ మీద కూర్చుని మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడగట్టుకుంటూ నవ్వాడు. "ఊర్లో వాళ్ల ఇండ్లకంతా బండలు నున్నగా చేసిచ్చినా. గరుకంతా నా రొమ్ములో పెట్టుకున్యా," అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తుంది.

పని చేశాను. చివర్లో నా చెయ్యి రిలే డబ్బా మీదికి పోయింది. అలవాటుగా పోయిందని రాస్తే సగం అబద్ధమవుతుంది. ఒక్క క్షణం ఆగి ఆలోచించాను. వీడు నాయనను పట్టుకుని తిరిగే హడావిడిలో స్విచ్చి కట్టేయడం మరిచిపోతాడు, బ్యాటరీ దిగిపోతే వచ్చి నా మీద పడతాడు అనుకున్నాను. ఎలాగూ అనంతపురం దాకా బండి నడుస్తూనే ఉంటుంది కదా, మధ్యలో ఎక్కడ ఆగుతుంది అనుకున్నాను. పెట్టేశాను. చెప్పలేదు. చెబితే తీసేయమంటాడు కదా!

దారిలో రైలు గేటు ఉంది. సిమెంటు గూడ్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. గేటు పడితే మా దిక్కు ఇంజిను ఆపని డ్రైవరు ఉండడు. డీజిలు ఊరికే వస్తుందా? నేనూ ఆపుతాను. రోజూ చేసే పని ఆ పూట నాకెందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టనివ్వలేదా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. జవాబు ఒకసారి వచ్చినట్టు మరోసారి రాదు.

నెల తిరగకముందే ఓబులేసు గుండుతో వచ్చాడు.

"గేటు పడింటే బండి ఆపినా అన్నా. నాయనకు నీళ్లు తాపి, ఆయప్ప పక్కనే కాళ్లు చాపుకుని కూర్చున్యా. ఎండకు కన్ను మూతపడింది. రెండు గూడ్సులు పోయినాయంట. మిషన్ కూత పెట్టింటే ఆ మోతలో నాకేం వినపడతాది? లేచి చూస్తే మిషన్ తిరగల్యా. ప్లగ్గును గట్టిగా ఒత్తి, ముందరికి దూకి బండి స్టార్ట్ చేసినా. మిషన్ మళ్లా తిరిగింది. నాయన మాత్రం లేయల్యా."

వ్యాను వైపు చెయ్యి చూపించి అడిగాడు. "నా కాలు తగిలి ప్లగ్గు లూజయింటాదా అన్నా? నువ్వు చూసి చెప్పు."

నాకు అర్థమైంది. మిషన్ తిరిగింది ప్లగ్గు ఒత్తినందుకు కాదు, తాళం తిప్పినందుకు. అయినా చూస్తున్నట్టు నటిస్తూ వ్యానులోకి ఎక్కి, సీటు కిందికి వంగాను. నల్లడబ్బా నా మొహానికి జానెడు దూరంలో ఉంది. మిషన్ ఆ రోజు పెట్టినట్టే ఇంకా వ్యానులోనే ఉంది. దాని ప్లగ్గు పట్టి లాగాను. రాలేదు. గోడకు మేకు కొట్టినట్టు బిగువుగా ఉంది. రెండు చేతులతో లాగితే గానీ ఊడలేదు.

బయట ఓబులేసు నా మాట కోసం చూస్తున్నాడు.

"కాలు తగిలింటాదప్పా. కొంచెం లూజుగానే ఉండాది," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నోట్లో కాచుకుని ఉన్నట్టు వచ్చింది. వాడు తల ఊపాడు. "నేను అనుకున్నదే. నువ్వేం బాధపడాకు అన్నా, నీ పనిలో తప్పేం లేదు," అన్నాడు. నన్ను ఓదార్చాడు, చూడండి. నాయనను పోగొట్టుకున్నవాడు నన్ను ఓదార్చాడు. ప్లగ్గంతా పీకేయమన్నాడు. పీకేశాను. రిలేను జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.

ఆయన ఎక్కువ కాలం బతకడని డాక్టర్లు ముందే అన్నారట. ఆ మాటను నేను మందులా వాడాను. ఎలాగూ పోయేవాడే కదా అని. కానీ ఎన్నాళ్లు మిగిలినా అవి ఆయన రోజులు. వాటి మీద నాకేం హక్కుంది? పోనీ, డబ్బా పెట్టింది పొరపాటే అనుకుందాం. మరి ఆ మాట? అది పొరపాటు కాదు. కళ్లు తెరుచుకుని చేశాను.

పోయిన నెల అనంతపురం బస్సు ఎక్కాను. రెండు వరుసల ముందు ఓబులేసు. సీటు మీద కాళ్లు మడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక ముసలామె చోటు చాలక ఒరిగి కూర్చుంది.

"ఏమప్పా, బంతిలో బువ్వకు కూర్చున్నట్టు కూర్చున్యావే! కాళ్లు కిందికి పెట్టు," అన్నాడు కండక్టరు.

బస్సులో నవ్వులు. ఓబులేసు నవ్వలేదు, కోప్పడలేదు. "బండిలో కాళ్లు చాపనన్నా నేను. నిలబడతాలే," అని లేచి, సీటంతా ఆమెకు ఇచ్చేశాడు. కాళ్లు రెండూ దగ్గరికి పెట్టుకుని, అనంతపురం దాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. గేటు దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు ఇంజిను ఆపాడు. ఓబులేసు తల వంచి తన పాదాల వైపే చూసుకుంటున్నాడు, గేటు లేచేదాకా.

నేను లేచి నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదని నాకు తెలుసు. చెప్పాల్సినవాడికి చెప్పకుండా మీకు చెబుతున్నాను, అదీ నా పిరికితనమే. అయినా ఈ నాలుగు ముక్కలు రాశాక రొమ్ము మీది బరువు ఒక వేలంత జరిగినట్టుంది. అంతకంటే ఎక్కువ ఊరట నాకు రాకూడదు కూడా. ఆ రోజు వ్యానులోంచి దిగి అనాల్సిన మాటను ఇప్పుడు రాస్తున్నాను.

ప్లగ్గు ఊడల్యా ఓబులేసూ. నీ కాలు తగల్యా.